న్యాయస్థానాల్లో భాష: నాడు - నేడు

కోర్టుకెక్కినవారిలో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన పెద్దలు అంటూ వుండేవారు. ఖర్చుల సంగతి చూసి అన్న మాట అది. కాని ఈ ఇద్దరూ గాక మూడోవాడు ఒకడున్నాడు. కాగితంలో తన గురించి ఏమి రాశారో, తాను దేనిమీద వేలిముద్ర వేశాడో, జడ్జిగారు చివరకు ఏమన్నారో తెలియక, వరండాలో నిలబడి వకీలుగారి గుమాస్తా ముఖం కేసి చూసేవాడు. ఏడవాలో నవ్వాలో కూడా వాడికి తెలియదు. ఈ వ్యాసం ఆ మూడోవాణ్ణి గురించి.

మనవంటి సంఘాల వార్షిక సంచికల్లో నవాబుల చరిత్రో, మసీదుల చరిత్రో, కవుల చరిత్రో రావడం పరిపాటి. ఈసారి మేము కచేరీల భాషాచరిత్రను ఎత్తుకున్నాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవారికి చట్టంతో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చు. పని వున్నది. పాత సేత్వారు నకలో, తాతలనాటి ఖరారునామానో పట్టుకొని, "సార్, ఇందులో ఏముందో కాస్త చదివి పెట్టండి" అని మా గుమ్మం ఎక్కేవారు ఇప్పటికీ వున్నారు. వారిలో హిందువులూ వున్నారు, ముస్లిములూ వున్నారు. తాత సంతకం పెట్టిన కాగితాన్ని మనవడు చదవలేకపోవడం ఎట్లా జరిగిందన్న ప్రశ్నే మమ్మల్ని ఈ చరిత్రలోకి లాగింది.

మాటలు వచ్చాయి, అర్థాలు మారాయి

తెలుగువాడు కోర్టుకు పోతే నోట వచ్చే మాటలు ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఫిర్యాదు, దావా, దరఖాస్తు, వకీలు, వకాల్తా, దస్తావేజు, అసలు, నకలు, హాజరు, వాయిదా, జామీను, జప్తు, జరిమానా, ఖైదు, రాజీ, హక్కు. ఇవన్నీ అరబ్బీ ఫార్సీల నుండి వచ్చి తెలుగులో ఇల్లు కట్టుకున్న మాటలే. అక్షరం రాని పల్లెటూరి ముసలమ్మ కూడా "నా హక్కు నాకు రావాల" అంటుంది. అది పరాయి మాట అని ఆమెకు ఎవరు చెప్పినా నమ్మదు.

మనవాళ్లు ఈ సంగతి చెప్పుకొని మురిసిపోవడం కద్దు. మురిపెం తప్పు కాదు. కాని ఇక్కడ ఒక చిక్కు వున్నది. ఇల్లు మారిన మాటలు అర్థం కూడా మార్చుకున్నాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. "ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్" అనే సామెత మన ఇళ్లలో తెలియనివారు లేరు. దావా వేసినవాడు నిద్రపోతుంటే సాక్షి హుషారుగా వున్నాడట! అదే మాట తెలుగులో ముద్దాయి అయి, నేరం మోపబడినవానికి పేరయింది. అంటే వాది కాస్తా బోనెక్కాడు. ఉర్దూలో రాజీనామా అంటే ఇరుపక్షాలూ ఒప్పుకొని రాసుకున్న కాగితం. తెలుగులో నౌకరీ వదులుకుంటూ ఇచ్చే కాగితం. ఉర్దూలో ఖూనీ అంటే హంతకుడు, లేదా నెత్తుటి సంబంధమైనది. తెలుగులో ఖూనీ అంటే హత్యే. రుజూ అంటే తిరిగి రావడం, మొగ్గడం. తెలుగులో రుజువు అంటే సాక్ష్యంతో నిలబెట్టడం. దఫా అంటే మనకు చట్టంలోని సెక్షను. తెలుగులో ఒక తడవ, ఒక విడత. ఇక వాదా అంటే మాట ఇవ్వడం. అది కోర్టుకు చేరి వాయిదా అయింది. ఇచ్చిన మాటకు అక్కడ ఏమవుతుందో ఆ ఒక్క మాటే చెబుతున్నది!

నవ్వులాటకు అంటున్నాము గాని, ఇందులో ప్రమాదం లేకపోలేదు. ఇంట్లో దక్కనీ మాట్లాడి, బడిలో ఉర్దూ చదివిన పిల్లవాడు తెలుగు సమనులో "ముద్దాయి" అని తన పేరు పక్కన చూసి, తానే ఫిర్యాది కాబోలు అనుకుంటే వాణ్ణి తప్పుపట్టలేము. తెలిసిన మాటే అనుకున్నది తెలియని మాటకన్నా ఎక్కువ మోసం చేస్తుంది.

ఫార్సీ కచేరీలు

ఈ మాటలు ఎట్లా వచ్చాయో చూద్దాము. గోల్కొండ కుతుబ్‌షాహీల పాలనలో రాజభాష ఫార్సీ. అయినా ఆ సుల్తానుల ఫర్మానాలు కొన్ని ఫార్సీతోబాటు తెలుగులో కూడా రాయబడ్డాయి. హుకుం ఇచ్చేవాడి భాష ఒకటి, హుకుం అందుకునేవాడి భాష మరొకటి అయినప్పుడు రెండూ ఒకే కాగితంమీద వుండాలన్న ఇంగితం ఆ దఫ్తరులో వున్నది. 1687లో గోల్కొండ మొగలుల వశమైన తరువాత కచేరీల్లో ఫార్సీ పట్టు మరింత బిగిసింది.

తరువాత కుంపినీవారు వచ్చారు. ఉత్తర సర్కారులు వారి చేతికి చిక్కాక, 1802లో మద్రాసు ప్రభుత్వం రెగ్యులేషన్లు చేసి జిల్లాల్లో అదాలతులు ఏర్పరచింది. క్రిమినలు కేసులకు మద్రాసులో ఫౌజ్‌దారీ అదాలతు పెద్ద కోర్టు. అందులో నడిచిన చట్టం, కుంపినీ చేసిన మార్పులతో, ఇస్లామీయ దండనశాస్త్రమే. ఖాజీ, ముఫ్తీ కోర్టు ఉద్యోగులు. సాక్ష్యం విని వారు ఫత్వా ఇస్తే, దానిని బట్టి దొరగారు శిక్ష వేసేవారు. ఒక్కసారి ఆ కోర్టును కళ్లముందు పెట్టుకోండి. బోనులో నిలబడ్డవాడు తెలుగు రైతు. ముఫ్తీగారి గ్రంథాలు అరబ్బీలో. తీర్పు చెప్పే దొరది ఇంగ్లీషు. ముగ్గురి మధ్య మాటలు మోసేవాడు దుబాసీ. ప్రాణం రైతుది. ఆ ప్రాణం నిలిచేదీ పోయేదీ దుబాసీ నాలుకమీద!

ఈ కష్టాన్ని దగ్గరనుండి చూసినవారిలో బ్రౌనుదొర ఒకరు. వేమన పద్యాలు అచ్చు వేయించిన సి. పి. బ్రౌనుగా ఆయన అందరికీ తెలుసు. ఆయన జిల్లా కోర్టుల్లో పనిచేసినవాడనీ, మద్రాసు ప్రభుత్వానికి ఫార్సీ అనువాదకుడుగా కూడా వున్నాడనీ తెలిసినవారు తక్కువ. కోర్టు కాగితాల్లో కనబడే తెలుగు, కావ్యాల్లో వుండే తెలుగు ఒకటి కాదని ఆయనకు అనుభవంలో తేలింది. అందుకని కచేరీ వ్యవహారంలో వాడే మాటలకు 1852లో జిల్లా నిఘంటువు, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశారు. కోర్టు తెలుగు చదువుకోవడానికి వేరే నిఘంటువు కావలసి వచ్చిందంటే, మామూలు తెలుగువాడి గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఫార్సీ వెళ్లడం, ఇంగ్లీషు రావడం

1837లో కుంపినీ ప్రభుత్వం 29వ నంబరు చట్టం చేసింది. బెంగాలు రాజధానిలో కోర్టు, రెవెన్యూ వ్యవహారాల్లో ఫార్సీని తొలగించే దారి ఆ చట్టంతో తెరుచుకున్నది. ఫార్సీ స్థానంలో కింది కోర్టుల్లో దేశభాషలు, పై కోర్టుల్లో ఇంగ్లీషు వచ్చాయి. 1862 జనవరి 1న ఇండియన్ పీనల్ కోడు అమల్లోకి వచ్చింది. 1864లో ఖాజీ, ముఫ్తీ, పండితుల కోర్టు ఉద్యోగాలు రద్దయ్యాయి. మన ఖాన్‌దాన్లలో ఎన్నిటికో అప్పటిదాకా అదే జీవనాధారం.

పీనల్ కోడును ఉర్దూలోకి దించినవారిలో ముఖ్యులు డిప్టీ నజీర్ అహ్మద్‌గారు. "మిరాతుల్ అరూస్" నవల రాసిన ఆయనే. ఆ అనువాదానికి తాజీరాతె హింద్ అని పేరు. తరువాత 1877లో ఆయన హైదరాబాదుకు వచ్చి సాలార్‌జంగు కొలువులో కొన్నేళ్లు పనిచేశారు. ఆయన పెట్టిన మాటల బలం ఎంతటిదంటే, నూరేళ్ల తరువాత కూడా హిందీ సినిమాలో జడ్జి "తాజీరాతె హింద్, దఫా తీన్ సౌ దో" అంటే తెలుగు, తమిళ ప్రేక్షకుడు కూడా ఉలిక్కిపడేవాడు. అర్థం తెలియకపోయినా ఉరి అని మాత్రం తెలిసేది. చట్టం భాష జనానికి భయంగా తెలిసినంతగా భావంగా తెలియదు.

హైదరాబాదు అనుభవం

నిజాం రాజ్యంలో కథ వేరుగా నడిచింది. అక్కడ కచేరీల్లో ఫార్సీ 1880 దశకం దాకా వున్నది. తరువాత ఆ స్థానం ఉర్దూకు వచ్చింది. 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఫర్మానా వెలువడింది. వైద్యమూ, ఇంజనీరింగుతోబాటు న్యాయశాస్త్రం కూడా ఉర్దూలో బోధించారు. మూసీ ఒడ్డున ఎర్రరాతితో కట్టిన హైకోర్టు 1920లో ప్రారంభమయింది. వాదనలు ఉర్దూలో, తీర్పులు ఉర్దూలో. పై చదువులు, పై కోర్టులు ఇంగ్లీషు లేనిదే నడవవని తక్కిన దేశమంతా అనుకుంటున్న రోజుల్లో, దేశభాషలో కూడా చట్టాన్ని శిఖరందాకా చదవవచ్చు, వాదించవచ్చు అని హైదరాబాదు నిరూపించింది. ఇది మనకు గర్వకారణం. ఇందులో సందేహం లేదు.

కాని చరిత్ర రాసేవాడు ఒక కన్ను మూసుకొని రాయకూడదు. ఆ రాజ్యంలో ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. హైదరాబాదు వకీలుకు తియ్యగా వినిపించిన ఉర్దూ తీర్పు, నల్లగొండ రైతుకు ఫార్సీ ఎంతో అంతే. సమను వస్తే ఊళ్లో ఉర్దూ వచ్చినవాణ్ణి వెతుక్కోవాలి. ఆ చదివిపెట్టేవాడు దొరగారి మనిషి అయితే ఇక చెప్పేదేముంది!

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో సంఘసంస్కరణ సభ జరిగింది. అల్లంపల్లి వెంకట రామారావుగారనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలోనివారు ఎగతాళి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంనుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. గమనించండి, ఆయన వకీలు. కోర్టులో రోజూ ఉర్దూలో వాదించగలవాడు. అంతటివాడికి కూడా తన భాషలో నోరు విప్పినప్పుడు పరాభవం తప్పలేదంటే, అక్షరం రాని రైతు మనసులో ఏముండేదో మనం అర్థం చేసుకోవాలి. ఈ సంగతి మన సంచికలో మనమే చెప్పుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఎందుకంటే ఆనాడు ఆ రైతు నిలబడ్డ చోట తరువాత మనవాళ్లు వచ్చి నిలబడ్డారు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. దాని 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1966లో తెలుగును అధికారభాషగా చేస్తూ చట్టం వచ్చింది. కింది కోర్టులకు తెలుగు, పై కోర్టుకు ఇంగ్లీషు అన్నమాట. అమలులో కింది కోర్టుల్లో కూడా చాలాభాగం ఇంగ్లీషే నడిచింది. ఉర్దూలో చదివి, ఉర్దూలో వాదించి పేరు తెచ్చుకున్న పెద్దలు ఉన్నట్టుండి తమ కోర్టులోనే కొత్తవారయ్యారు. రికార్డు రూముల్లో మాత్రం సేత్వార్లు, ఫైసలాలు ఉర్దూలోనే వుండిపోయాయి. భూమి తగాదా వస్తే, ఆ కాగితాన్ని చదివేవాణ్ణి ఇప్పుడు రైతు వెతుక్కుంటాడు. రైతు కొడుకు కొత్త కాగితాన్ని చదువుతాడు, పాతది చదవలేడు. మన పిల్లవాడు పాతది చదువుతాడు, కొత్తది చదవలేడు. చరిత్ర ఇద్దరికీ చెరిసగం పంచింది!

"హౌ" అన్నమాట

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. సివిలు దావాలో భాష తెలియకపోతే భూమి పోతుంది. క్రిమినలు కేసులో భాష తెలియకపోతే మనిషే పోతాడు.

మన ఇళ్లలో "హౌ" అనే మాట వున్నది. ఎదుటివాడు మాట్లాడుతుంటే మనం మాటిమాటికీ "హౌ, హౌ" అంటాము. దాని అర్థం "నీ మాట నిజం" అని కాదు. "వింటున్నాను, చెప్పు" అని మాత్రమే. తెలుగులో "ఊఁ కొట్టడం" అంటారు గదా, అదే. పెద్దవారిముందు, అధికారిముందు అయితే అదబు కొద్దీ మరింత ఎక్కువ అంటాము. ఇప్పుడు ఒక ఠాణాలో అధికారి "నువ్వు ఆ రాత్రి అక్కడున్నావు గదా?" అంటే, కుర్రవాడు బెదిరిపోయి "హౌ సాబ్" అన్నాడనుకోండి. కాగితంమీద అది "అవును, నేను ఆ రాత్రి అక్కడ ఉన్నాను" అవుతుంది. మాట వాడిదే. వాక్యం వాడిది కాదు.

ఇది మన దేశానికి మాత్రమే పరిమితమైన బాధ కాదు. ఇంగ్లండులో తిమోతీ ఎవాన్స్ అనే యువకుడు వుండేవాడు. సరిగా చదవను రాయను రానివాడు. భార్యాబిడ్డల హత్యల కేసులో అరెస్టయి, బిడ్డను చంపాడన్న అభియోగంమీద దోషి అయి, 1950 మార్చిలో ఉరితీయబడ్డాడు. అతడు చెప్పినవిగా పోలీసులు రాసిన వాంగ్మూలాలు కేసులో ముఖ్యం. మూడేళ్ల తరువాత అదే ఇంట్లో వుండిన క్రిస్టీ అనేవాడు అనేక హత్యలు చేసినట్టు బయటపడింది. 1966లో ఎవాన్స్‌కు మరణానంతరం క్షమాభిక్ష ఇచ్చారు. 1968లో స్వార్ట్‌విక్ అనే భాషాశాస్త్రవేత్త ఆ వాంగ్మూలాలను వాక్యం వాక్యంగా పరిశీలించి, నేరం ఒప్పుకున్నట్టు వున్న భాగాల వాక్యనిర్మాణం తక్కిన భాగాల వాక్యనిర్మాణంతో కలవడంలేదని చూపించారు. అదీ ఒకే భాష మాట్లాడే దేశంలో! కోర్టు భాషను శాస్త్రంగా చదవడం అక్కడినుండి ఊపందుకున్నది. చనిపోయినవాడు మాత్రం తిరిగి రాలేదు.

చట్టం ఏమంటున్నది?

మన చట్టం ఈ ప్రమాదాన్ని ఎరగనిది కాదు. పోలీసు అధికారితో నేరం ఒప్పుకున్నా అది ముద్దాయిమీద రుజువుగా చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టమే అన్నది. 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో కూడా ఆ సూత్రం నిలిచింది. దర్యాప్తులో సాక్షి పోలీసులకు చెప్పి రాయించిన వాంగ్మూలంమీద సాక్షిచేత సంతకం పెట్టించకూడదు. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక, చెప్పినవారికి చదివి వినిపించాలి. ఆ తరువాతే సంతకం. దాని నకలు ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి. కోర్టులో సాక్షి చెప్పింది రాసుకున్నాక, రాసిన భాష సాక్షికి రాకపోతే, వచ్చిన భాషలో వినిపించాలి. సాక్షి భాష ముద్దాయికి తెలియకపోతే, తెలిసిన భాషలోకి మార్చి బహిరంగ కోర్టులోనే చెప్పాలి. ముద్దాయిని ప్రశ్నించినప్పుడు, సాధ్యమైతే ఆ ప్రశ్నించిన భాషలోనే రాయాలి. ఇవన్నీ వున్నాయి. కాని "సాధ్యమైతే" అన్న ఆ ఒక్క మాటలో ఎన్ని కేసులు ఇరుక్కున్నాయో!

1962లో సుప్రీంకోర్టు ముందుకు మహారాష్ట్రనుండి ఒక కేసు వచ్చింది. ముందస్తు నిర్బంధం కింద ఒకాయనను జైల్లో పెట్టారు. కారణాలు ఇంగ్లీషులో రాసి ఇచ్చారు. తనకు ఇంగ్లీషు రాదు, హిందీలో ఇవ్వండి అన్నాడాయన. పోలీసు అధికారి నోటితో అనువదించి చెప్పాడు గదా, ఇంగ్లీషు ప్రభుత్వ భాషే గదా అని సర్కారు వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. మనిషికి అర్థమయ్యే భాషలో కారణాలు అందకపోతే, అందనట్టే అన్నది. నిర్బంధం కొట్టివేసింది. అరెస్టుకు కారణాలు అరెస్టయినవానికి తెలిసిన భాషలో చెప్పి తీరాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది. మొదటిసారి చెప్పినదానికీ, మళ్లీ చెప్పవలసి రావడానికీ మధ్య అరవై మూడేళ్లు. హక్కు కాగితంమీద వుండడం వేరు, ఠాణా గుమ్మందాకా నడిచి రావడం వేరు.

ఇంకొక ముచ్చట. 2019లో ఢిల్లీ హైకోర్టు, అక్కడి పోలీసులు ఎఫ్.ఐ.ఆర్.లలో అలవాటుగా వాడుతున్న కఠినమైన ఉర్దూ ఫార్సీ మాటలు ఫిర్యాదుదారులకే అర్థం కావడంలేదని, వాటిని మాని సులభమైన భాష రాయమన్నది. పోలీసులు 383 మాటల జాబితా తయారుచేశారు. ఇది ఉర్దూమీద దెబ్బ అని మనలో కొందరు బాధపడ్డారు. మాకు మాత్రం అట్లా తోచలేదు. అర్థం తెలియని మాటను ఠాణాలో పెట్టి కాపాడినందువల్ల ఏ భాషకూ గౌరవం రాదు. భాష బతికేది పాటలో, కథలో, అమ్మ నోట్లో. కేసు కాగితంలో కాదు.

అయితే న్యాయం అందరికీ ఒకటే కావాలి. 2024 జూలై 1నుండి పీనల్ కోడు పోయి భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజరు కోడు పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాయి. హత్యకు 302 పోయి 103 అయింది. దగాకోరుకు పర్యాయపదంగా దేశమంతా వాడుకున్న 420 పోయి 318 అయింది. ఫార్సీ మాట అర్థం కాదన్నారు, ఇంగ్లీషు మాట పరాయిది అన్నారు. బాగానే వున్నది. కొత్త సంస్కృత నామం మా పేటలో బండి తోలుకునే అబ్దుల్‌కూ, పక్కవీధిలో బట్టలుతికే ఎల్లమ్మకూ ఎంతమాత్రం తెలిసింది? పేరు మారినంత మాత్రాన వరండాలో నిలబడ్డ ఆ మూడోవాడికి వెలుగు వచ్చినట్టు కాదు.

వెలుగు రేఖలు లేకపోలేదు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులో వెలువరించింది. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ ఉర్దూను రెండవ అధికారభాషగా గుర్తించారు. ఉర్దూలో అర్జీ ఇవ్వవచ్చని ధైర్యం వచ్చింది. కాని చట్టంలో భాషకు చోటు దొరకడంతోనే పని పూర్తి కాదు. అడిగేవాడు వుంటేనే ఇచ్చేవాడు ఇస్తాడు.

మనం చేయవలసింది

ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయతు నమాజు గురించినది కాదు, రోజా గురించినదీ కాదు. అప్పు కాగితం గురించినది. బాకీ పడేవాడే స్వయంగా చెప్పి రాయించాలనీ, అతడు చెప్పలేని స్థితిలో వుంటే అతని తరఫు పెద్ద న్యాయంగా చెప్పి రాయించాలనీ అందులో వున్నది. ఎవడి మెడకు తాడు పడుతుందో వాడి నోటినుండే మాట రావాలి, వాడికి అర్థం కావాలి. ఇంత శ్రద్ధ మన దీనులో వుండగా, తెల్లకాగితంమీద వేలిముద్ర వేసి వచ్చే అలవాటు మనకు ఎక్కడనుండి వచ్చిందో తెలియదు.

అందువల్ల సంఘ సభ్యులకూ, వారి కుటుంబాలకూ మా మనవి కొన్ని మాటల్లో చెబుతాము. ఏ కాగితంమీదనైనా, అది ఠాణాలో కాని, కోర్టులో కాని, బ్యాంకులో కాని, చదివించుకొని వినకుండా సంతకం చేయకండి. "నాకు ఈ భాష రాదు, నా భాషలో చెప్పండి" అని అడగడానికి సిగ్గుపడకండి. అది బతిమాలడం కాదు, హక్కు. ప్రశ్న అర్థం కాకపోతే "హౌ" అనకండి, "సమఝ్ మే నై ఆయా సాబ్" అనండి. ఆ నాలుగు ముక్కలు ఒక జీవితాన్ని నిలబెట్టవచ్చు. మన ఆడపిల్లలకూ ఖాలాలకూ ఈ సంగతి మరీ ముఖ్యంగా చెప్పండి. నిఖానామా, తలాఖు, మనోవర్తి కాగితాలమీద వారి సంతకాలే వుంటాయి. చదివేది మాత్రం ఇంకెవరో.

రెండవది. ఉర్దూ మీడియంలో చదివే పిల్లలకు తెలుగు బాగా నేర్పాలి. ఇది ఉర్దూ మాస్టర్లమైన మేమే అంటున్నాము. తెలుగు నేర్చుకున్నంత మాత్రాన ఉర్దూ తరగదు. మన తాతలు ఫార్సీ, ఉర్దూ, తెలుగు మూడూ చదివి కచేరీలు నడిపారు. వారి మనవలం ఒకటితో సరిపెట్టుకుంటే నష్టం మనదే. అట్లాగే ఆసక్తి వున్న తెలుగు పిల్లలకు నాలుగు ఉర్దూ అక్షరాలు నేర్పితే, వారి తాతల భూమి కాగితాలు వారే చదువుకుంటారు. ఇచ్చి పుచ్చుకున్నట్టు వుంటుంది.

మూడవది. మన సంఘం తరఫున నెలకొక ఆదివారం, నమాజు వేళలు చూసుకొని, ఒక గదిలో రెండు కుర్చీలు వేస్తే చాలు. ఒక కుర్చీలో ఉర్దూ చదివేవారు, ఒక కుర్చీలో తెలుగు ఇంగ్లీషు చదివేవారు కూర్చుంటే, సమను వచ్చినవారు, పాత దస్తావేజు వున్నవారు, ఏ మతస్థులైనా సరే, వచ్చి చదివించుకొని పోతారు. వకీలు పని మనం చేయనక్కరలేదు, చేయకూడదు కూడా. కాగితంలో ఏముందో వున్నది వున్నట్టు చెప్పడమే మన పని. పెద్ద ఖర్చు లేదు, రశీదు పుస్తకం అక్కరలేదు. కార్యవర్గం ఒప్పుకుంటే మొదటి ఆదివారంనాడు ఉర్దూ కుర్చీలో మేము కూర్చుంటాము. తెలుగు కుర్చీకి కాలేజీ చదివిన మన కుర్రవాళ్లలో ఎవరు ముందుకొస్తారో పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.